నెలకో సాయంత్రం, రెండే కృతులు: నలుగురూ కూర్చుని సంగీతం వినడానికి ఒక మార్గదర్శి

మా ఇంట్లో మొదటిసారి ఏడుగురం సంగీతం వినడానికి కూర్చున్న రోజు నేను తొమ్మిది కర్ణాటక సంగీత కృతులు వినిపించాను. నాకిష్టమైనవన్నీ ఒక్క పూటలో పంచేయాలని ఆత్రం. నాలుగోది మొదలయ్యేసరికి లెక్కల సార్ కళ్ళు మూతలు పడ్డాయి. ఆరోదానికి పక్కింటి అక్క పొయ్యి మీద పాలున్నాయంటూ లేచింది. చివర్లో ఏది నచ్చిందని అడిగితే "అన్నీ బాగున్నాయి" అన్నారు. ఒక్క పల్లవి కూడా ఎవరికీ గుర్తు లేదు. తొమ్మిది మంది కొత్త మనుషులను ఒకేసారి తెచ్చి పరిచయం చేస్తే ఎవరి పేరు గుర్తుంటుంది?

ఆ తర్వాత నాలుగేళ్ళుగా నెలకోసారి కర్నూల్లో కూర్చుంటున్నాం. ఇప్పుడు పూటకు రెండే కృతులు. ఒకటి అందరికీ తెలిసింది. రెండోది దానికి చుట్టమయ్యీ పెద్దగా వినబడనిది. తెలిసినదాన్ని మళ్ళీ శ్రద్ధగా విని, ఆ చెవులతోనే తెలియనిదాన్ని వినడం మా పద్ధతి. ఇందులో శాస్త్రం చదివినవాళ్ళు ఇద్దరే. మిగిలినవాళ్ళం వినేవాళ్ళం. ఎవరైనా తమ వీధిలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే, మేం తప్పులు చేసి నేర్చుకున్నదంతా ఇక్కడ వరసగా రాస్తున్నాను.

కర్నూలు వాళ్ళకు ఈ పని చెయ్యడానికి ఒక ప్రత్యేకమైన కారణం కూడా ఉంది. సంగీత విద్వాంసుడు డాక్టర్ శ్రీపాద పినాకపాణి గారు ఈ ఊళ్ళోనే ఉండేవారు. 1913లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, వైద్యుడిగా మన వైద్య కళాశాలకు వచ్చి, ఇక్కడే స్థిరపడి, 2013లో ఇక్కడే కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి, వోలేటి వేంకటేశ్వర్లు, నూకల చిన సత్యనారాయణ వంటివాళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నవారు. పగలు రోగులను చూసి, మిగిలిన పొద్దంతా కృతులకు స్వరాలు రాసుకున్న మనిషి. ఆయన 'సంగీత సౌరభం' సంపుటాలను తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసింది. అంత పెద్దాయన తిరిగిన వీధుల్లో ఉంటూ నెలకు రెండు కృతులు వినలేమా అనుకునే మేం మొదలుపెట్టాం.

మొదటి మెట్టు: మనుషులు, చోటు, పెట్టె

అయిదుగురికి తగ్గకుండా, ఎనిమిది మందికి మించకుండా చూసుకోండి. ఎనిమిది దాటితే మాట్లాడేవాళ్ళు నలుగురే అవుతారు, మిగిలినవాళ్ళు సభలో కూర్చున్నట్టు కూర్చుంటారు. వయసులు కలవనివ్వండి. మా దగ్గర డెబ్బై దాటిన అవ్వ ఉంది, ఇంజినీరింగ్ చదివే పిల్లోడు ఉన్నాడు. ఇద్దరూ ఒకే పాటలో వేర్వేరు చోట్ల ఆగుతారు, అది మాకు పెద్ద లాభం.

మన ఊరి ఎండల్లో చోటు పెద్ద సమస్య. కూలర్ వేసుకుంటే దాని హోరులో తంబుర మునిగిపోతుంది. తంబుర వినబడకపోతే సగం సంగీతం పోయినట్టే. గాయకుడు ఏ స్వరం మీద నిలబడ్డాడో చెవికి ఆధారం అదే కదా. అందుకని మార్చి నుంచి జూన్ దాకా మేం మిద్దె మీద కూర్చుంటాం. సాయంత్రం ఆరింటికి రెండు బిందెల నీళ్ళు చల్లితే ఏడున్నరకు నేల కూర్చోనిస్తుంది. చాపలు, దిండ్లు, ఒక మరచెంబు నీళ్ళు చాలు. మిగతా నెలల్లో హాల్లో, ఫ్యాను ఒకటో నంబరు మీద.

ఖరీదైన స్పీకర్ అక్కర్లేదు. కానీ మూడు పనులు చెయ్యండి. స్పీకర్‌ను నేల మీద కాక, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తుకు వచ్చేలా స్టూలు మీద పెట్టండి. బాస్ పెంచే బటన్ ఏదున్నా ఆపేయండి, లేకపోతే మృదంగం ఎడమ వైపు మోతే గొంతును తినేస్తుంది. శబ్దం మామూలుగా మాట్లాడుకునే గొంతు కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి. కరెంటు పోతుందన్న లెక్కతో ముందే ఛార్జింగ్ పెట్టుకోండి. పాటను ముందుగానే ఫోన్‌లోకి దించుకోండి. చరణం మధ్యలో ప్రకటన వచ్చి పడితే ఆ కృతి ఆ రోజుకు చచ్చినట్టే.

రెండో మెట్టు: జత కుదర్చడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఈ మెట్టు మీద నేను నెలలో పది గంటలు గడుపుతాను, మిగిలినవాటికి ఒక గంట.

మొదట తెలిసిన కృతిని తీసుకోండి. అది ఎంత పాతబడిందైనా ఫరవాలేదు. దాన్ని పట్టుకుని, అదే రాగంలోనో, అదే వాగ్గేయకారుడిదో (పాట రాసి, వరస కూడా కట్టినవాడు), అదే ఊరిదో, అదే సందర్భానిదో ఇంకొకటి వెతకండి. రెండింటి మధ్య ఒకే ఒక్క తేడా ఎత్తి చూపగలిగితే జత కుదిరినట్టు. తేడాలు ఎక్కువైతే పోలిక నిలవదు.

మేం విన్న జతల్లో గట్టిగా నిలబడినవి చెప్తాను.

త్యాగరాజస్వామి 'నగుమోము గనలేని' అందరికీ నోటికొచ్చు. ఆభేరి రాగం. ఇప్పుడందరూ చతుశ్రుతి ధైవతంతో ('ద' స్వరం పై మెట్టు) పాడతారు. ముత్తుస్వామి దీక్షితుల 'వీణాభేరి' కూడా ఆభేరే, కానీ దీక్షితుల సంప్రదాయంలో ఈ రాగానిది శుద్ధ ధైవతం (అదే 'ద', కింది మెట్టు). రాగం పేరు ఒకటే, ఒక్క స్వరం తేడా. అది స్వరాలు పైకెక్కే ఆరోహణలో రాదు. పైనుంచి దిగేటప్పుడు నిషాదానికీ ('ని') పంచమానికీ ('ప') మధ్య దారిలో తగులుతుంది. ఇంట్లో హార్మోనియమో చిన్న కీబోర్డో ఉంటే 'స'ను ఒకటో తెల్ల మెట్టు (C) మీద పెట్టుకోండి. పంచమానికి కుడి పక్కనే ఉన్న నల్ల మెట్టు శుద్ధ ధైవతం, దాని తర్వాతి తెల్ల మెట్టు చతుశ్రుతి. రెండూ మార్చి మార్చి నొక్కి, ఆ తర్వాత కృతులు పెట్టండి. శాస్త్రం రానివాళ్ళు కూడా "ఈ రెండోది కొంచెం దిగులుగా ఉంది" అని వెంటనే చెప్పేస్తారు. 'వీణాభేరి' తెచ్చేముందు మీరు తెచ్చేది శుద్ధ ధైవతంతో పాడినదేనా అని చూసుకోండి, లేకపోతే చూపించాల్సిన తేడా చేతిలోంచి జారిపోతుంది.

'నిధి చాలా సుఖమా' కల్యాణి రాగం. దానికి జతగా త్యాగయ్యదే 'నమ్మి వచ్చిన' పెట్టండి, అదీ కల్యాణే. చెన్నపట్నం దగ్గరి కోవూరులో సుందరేశ్వరుడి మీద ఆయన చేసిన అయిదు కృతుల్లో ఒకటి. పంచరత్నాలనగానే మనకు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లో ఉన్న అయిదే గుర్తొస్తాయి. కోవూరు పంచరత్నాలు వేరే ఉన్నాయి, తిరువొత్తియూరువి ఉన్నాయి, లాల్గుడివి ఉన్నాయి, శ్రీరంగానివి ఉన్నాయి. రామభక్తుడనుకున్న మనిషి శివుడి గుడి ముందు నిలబడి "నిన్నే నమ్మి వచ్చాను" అంటున్నాడన్న సంగతే మా సార్‌ను ఒక సాయంత్రమంతా కదిలించింది.

ఆ పెద్ద పంచరత్నాల్లోనే ఒకటి తక్కువ వినబడుతుంది, గమనించారా? త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో అయిదూ వరసగా పాడతారు గానీ, మిగతా రోజుల్లో వరాళిలోని 'కనకన రుచిరా' మిగిలిన నాలుగంత తరచుగా చెవిన పడదు. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా నేర్పితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం ఒకటి ఉంది. శ్రీ రాగంలోని 'ఎందరో మహానుభావులు' విన్న పూటే దీన్ని వినండి. అయిదూ ఆది తాళమే, కాబట్టి వేళ్ళ లెక్క మారదు.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన జత సహాన రాగంలోది. త్యాగయ్య 'గిరిపై నెలకొన్న', క్షేత్రయ్య 'మొగడొచ్చి పిలిచేడు'. మొదటిది ఆయన చివరి రోజుల్లో పాడిందని చెప్పుకుంటారు. కొండ మీద రాముణ్ణి గురి తప్పకుండా చూశానంటున్నాడు. రెండోదాంట్లో ఒకావిడ మువ్వగోపాలుడి దగ్గర ఉంది. మొగుడు వచ్చి పిలిచాడు, వెళ్ళక తప్పదు, వెళ్ళి వస్తానని చెప్తోంది. అదే సహాన. ఒకచోట వెళ్ళిపోవడానికి సిద్ధమైన మనసు, ఇంకొకచోట వెళ్ళలేని మనసు. క్షేత్రయ్య పదం (శృంగార గీతం) చౌక కాలంలో, అంటే నెమ్మదిగా నడుస్తుంది, ఒక్కో అక్షరం మీద చాలాసేపు ఆగుతుంది. తొందరపడి పక్కకు పెట్టకండి. శృంగార పదం పెద్దవాళ్ళ ముందు ఎలా అని మేం మొదట్లో జంకాం. విన్నాక అవ్వే అంది: "దాని కష్టం దానిది. పాటలో చెప్పుకుంది, మంచిదే." ఆ తర్వాత మాకు జంకు లేదు.

భైరవి రాగానికి కూడా మంచి జత ఉంది. వర్ణం నేర్చుకున్న పిల్లలందరికీ తెలిసిన 'విరిబోణి', పచ్చిమిరియం ఆదియప్పయ్యది, అట తాళం. దాని పక్కన శ్యామశాస్త్రి భైరవి స్వరజతి 'కామాక్షీ అనుదినము' పెట్టండి. ఆదియప్పయ్య శ్యామశాస్త్రికి గురువు. గురువు భైరవిని ఎలా పరిచాడు, శిష్యుడు ఏ వైపు నడిపాడు అని వింటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. కృతి పన్నెండు, పదిహేను నిమిషాలు దాటకుండా ఎంచుకోండి. గంటసేపు సాగే రాగం తానం పల్లవి మొదటి ఆర్నెల్లు వద్దు. పాత గ్రామఫోన్ రికార్డులు దొరికితే వదలకండి. 78 తిప్పుల పళ్ళానికి ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటుగానే పట్టేది, అందుకే గాయకులు చరణాన్ని తగ్గించి, సంగతులను (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీర్లను) ఏరి, గబగబా పాడేవారు. అది ఆ కృతి పూర్తి రూపం అనుకోకూడదన్న మాట అందరికీ ముందే చెప్పి పెట్టండి.

మూడో మెట్టు: సాహిత్యం రాసిన కాగితం

అచ్చుపుస్తకం జిరాక్స్ తియ్యకండి. చేత్తో రాయండి, పెద్ద అక్షరాలతో, మాటకూ మాటకూ మధ్య చోటు వదిలి. పాటలో తాళం కోసం మాటలు ఎక్కడెక్కడో విరుగుతాయి, విరిగిన మాటను చెవి వేరే మాటగా వింటుంది. కాగితం మీద సరైన చోట విరిచి ఉంటే అర్థం చిక్కుతుంది.

తెలుగువాళ్ళుగా మనకున్న పెద్ద సంపద ఇదే. త్యాగయ్య, శ్యామశాస్త్రి, క్షేత్రయ్య, అన్నమయ్య రాసింది మనం ఇంట్లో మాట్లాడే భాష. తమిళనాట పుట్టిన మహా గాయకులు ఆ భాష మాతృభాష కాకుండానే మన కృతులను ఇన్నేళ్ళు మోశారు. అక్కడో ఒత్తు, ఇక్కడో దీర్ఘం తప్పితే దాన్ని పట్టుకుని సాయంత్రమంతా నవ్వుకోవడం నాకు ఎంతమాత్రం ఇష్టముండదు. మాట తెలియలేదా, కాగితం చూసి ముందుకు సాగండి.

కాగితం మీద నేను నాలుగు గుర్తులు పెడతాను. పల్లవి, అనుపల్లవి, చరణం ఎక్కడ మొదలవుతాయో ఒకటి. వాగ్గేయకారుడి ముద్ర (పాటలో తన గుర్తుగా పెట్టుకునే పేరు) ఉన్న మాట కింద గీత. ప్రాసాక్షరం చుట్టూ సున్నా. 'నిధి' అని పల్లవి ఎత్తుకుంటే అనుపల్లవి 'దధి' అని మొదలవుతుంది, రెండో అక్షరం కలిసింది చూడండి. ఈ సున్నాలు చుట్టే పని పిల్లలకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు. నాలుగోది, నాకు అర్థం కాని మాట పక్కన ప్రశ్న గుర్తు. ఆ ప్రశ్నలకు జవాబు నేను ముందే వెతికి పెట్టుకోను. కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరికి ఆ మాట ఇంట్లో మాటే అయి ఉంటుంది.

నాలుగో మెట్టు: రెండుసార్లు వినడం

మొదటిసారి కాగితం ఇవ్వకండి. రాగం పేరు, పాడినవారి పేరు కూడా చెప్పకండి. పెద్ద పేరు వింటే చెవులు ముందే తల ఊపేస్తాయి. ఫోన్లన్నీ ఒక గంపలో వేసి లోపల పెట్టండి. పాట అయిపోయాక రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఈ ఒక్క నియమం మాత్రం మేం ఎప్పుడూ సడలించలేదు. ఆ రెండు నిమిషాల్లో లోపల ఏ ముక్క తిరుగుతూ ఉంటే అదే మీకు తగిలిన ముక్క.

రెండోసారి కాగితాలు పంచండి. తాళం వెయ్యగలిగినవాళ్ళు వెయ్యండి. ఆది తాళమైతే అరచేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ళ లెక్క, తర్వాత దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. పాట దెబ్బతో పాటే మొదలవ్వాలని లేదు, కొంచెం ఆగి ఎత్తుకోవచ్చు. ఆ ఎత్తుగడ ఎక్కడో పట్టుకోవడానికి కొత్తవాళ్ళకు మూడు నాలుగు నెలలు పడుతుంది. తొందర లేదు.

రెండోసారి వినేటప్పుడు ఒక పని పెట్టుకోండి, ఒకటే. 'చక్కని రాజమార్గము' అయితే పల్లవిలో ఎన్ని సంగతులు పడ్డాయో వేళ్ళ మీద లెక్కపెట్టమంటాను. అదే మాట, ప్రతిసారీ కొంచెం పెరుగుతుంది. మొదటి సంగతిలో వాకిట్లో వేసిన చుక్కల్లా ఉన్నది చివరి సంగతికి నిండు ముగ్గవుతుంది. గాయకుణ్ణి బట్టి లెక్క మారుతుంది కాబట్టి ఇద్దరు ముగ్గురు పాడినవి తెచ్చుకుని పోల్చితే ఇంకా బాగుంటుంది.

అయిదో మెట్టు: మాట్లాడుకోవడం

"బాగుంది" అన్న మాటకు మా దగ్గర చోటు లేదు. బాగుందన్న సంగతి మొహంలోనే తెలుస్తుంది. ఫలానా చోట అని చూపించాలి. "రెండో సంగతిలో గొంతు పైకి వెళ్ళి తగ్గిన చోట", "చరణంలో ఫలానా మాట దగ్గర", "మృదంగం ఒక్క క్షణం ఆగిన చోట". చూపించడం రాకపోతే కూనిరాగం తియ్యండి. అదీ రాకపోతే "మళ్ళీ పెట్టండి, చెయ్యెత్తుతా" అనండి.

వరస కూడా ముఖ్యం. అందరికంటే కొత్తగా వచ్చినవాళ్ళు మొదట మాట్లాడాలి, సంగీతం నేర్చుకున్నవాళ్ళు చివర. మొదట్లో దీన్ని తిరగేసి చేశాం. నేర్చుకున్నాయన జన్యం, మేళకర్త, వాది, సంవాది అంటూ చెప్పుకుపోతే మిగిలినవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి. ఆయన మంచివాడే, చెప్పింది నిజమే, కానీ ఆయన తర్వాత ఎవరికీ మాట పెగల్లేదు. ఇప్పుడు ఆయనే చివర్లో, మేం తడుముకున్నవాటికి పేర్లు పెడతారు. "మీకు దిగులుగా వినబడింది శుద్ధ ధైవతమమ్మా" అన్నప్పుడు ఆ పేరు ఎప్పటికీ మర్చిపోం. ముందే చెప్పి ఉంటే అదొక మాటగానే మిగిలేది.

'గిరిపై' విన్న సాయంత్రం మాటలు నాకింకా చెవుల్లో ఉన్నాయి. చరణంలో పదిపూటలపై కాచెదనని రాముడు మాటిచ్చినట్టు వస్తుంది. కాగితం మీద 'పూట' పక్కన నేను ప్రశ్న గుర్తు పెట్టాను.

"పూటంటే పూటే కదప్పా. పది పూటలంటే అయిదు దినాలు," అన్నారు సార్. లెక్కల సార్ కదా.

"మా అవ్వ దినానికి కూడా పూటే అంటాది సార్," అన్నాడు పిల్లోడు. "పది దినాలని ఉండొచ్చు."

"ఏమైతే ఏంది?" అంది పక్కింటి అక్క. "రేపు రా అని చెప్పలేదు, ఇప్పుడే అనలేదు. కొన్ని పూటలు ఆగమన్నాడు. ఆ ఆగే గొంతు చూడండి సార్, తొందరుందా? లేదు."

అందరం మళ్ళీ ఆ చరణం పెట్టుకుని విన్నాం. నిజమే, తొందర లేదు. పదిపూటలంటే పది దినాలని సంప్రదాయం చెబుతుందని నేర్చుకున్నాయన చివర్లో అన్నారు. అయినా ఆ సాయంత్రం మాకు మిగిలింది అక్క చెప్పిందే.

వాదం ముదిరితే మాటలతో తేల్చకండి, ఇంకో గొంతు తెచ్చి వినిపించండి. ఒకరి బాణీ నచ్చినవాళ్ళు ఇంకొకరి బాణీని తీసిపారేసే అలవాటు మనలో ఎక్కువ. అప్పుడు మేం రెండు పాటల్లోంచీ ఒకే ఒక అనుపల్లవిని పక్కపక్కన వింటాం. పాఠాంతరమా, గాయకుడి స్వేచ్ఛా, రికార్డుకు తగ్గించడమా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే వచ్చే నెలకు పెట్టుకోండి.

అన్నమయ్య విషయంలో పద్ధతి మార్చాలి

అన్నమయ్య పాటలకు ఈ మెట్లు ఇలాగే సరిపోవు, ఎందుకో తెలిసి ఉండాలి. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో 1408లో పుట్టి 1503లో వెళ్ళిపోయిన ఆయన ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న రాశాడు. తిరుమల సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద దొరికినవి దాదాపు 14,000. రేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. అంటే ఈ రోజు మనం వింటున్న వరసలన్నీ దాదాపు గత వందేళ్ళలో పెద్దలు కట్టినవే. ఆ కట్టినవాళ్ళలో ముందు వరసలో ఉన్నాయన మన పక్క జిల్లా మనిషి, అనంతపురం రాళ్ళపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు (1893–1979). మైసూరులో తెలుగు చెప్పిన పండితుడు. సాహిత్యమూ సంగీతమూ రెండూ ఆయన చేతిలో ఉండబట్టే మాట విరగకుండా వరస కట్టగలిగారు. ఆయన స్వరపరిచిన కీర్తనలు దేవస్థానం పుస్తకాలుగా వేసింది.

కాబట్టి అన్నమయ్య పాట విన్నప్పుడు "అన్నమయ్య ఇక్కడ ఎంత బాగా మలిచాడు" అని సంగతి గురించి అనకూడదు. మాట ఆయనది, వరస ఇంకొకరిది. కాగితం మీద వరస కట్టినవారి పేరు రాసే గడి ఒకటి కలపండి. రేకు మీద ఉన్న రాగం, ఇప్పుడు పాడుతున్న రాగం రెండూ రాయండి, చాలాసార్లు కలవవు. సామంతం, దేసాక్షి, కొండమలహరి లాంటి పేర్లు రేకుల మీద కనిపిస్తాయి, కచేరీల్లో వెతికినా దొరకవు. పాడి రాగం మాత్రం 'చక్కని తల్లికి చాంగుభళా'తో ఇప్పటికీ బతికి ఉంది.

ఒకే పాటకు ఇద్దరు కట్టిన రెండు వరసలు వినడం ఇక్కడ మంచి అభ్యాసం. మాట ఒకటే, రాగం వేరు. ఏ వరసలో అర్థం చెక్కు చెదరకుండా నిలబడింది? ఈ ప్రశ్న మీద మేం రెండు నెలలు గడిపాం.

జత కావాలంటే 'అదివో అల్లదివో' పక్కన 'నవనారసింహ నమో నమో' పెట్టండి. రెండోది అహోబలం నరసింహుడి మీద. "భవనాశి తీర" అని మన నల్లమల ఏరే పాటలో పారుతుంది. అన్నమయ్య అహోబలంలో ఆదివన్ శఠకోపయతి దగ్గర చదువుకున్నాడని సంప్రదాయం. మా గుంపులో అందరూ అహోబలం ఎక్కినవాళ్ళే. ఆళ్ళగడ్డ బస్సు, మెట్లు, భవనాశిలో కాళ్ళు కడుక్కోవడం, అన్నీ మాటల్లోకి వచ్చాయి. కడపలో ఉన్నవాళ్ళకైతే దేవుని కడప ఉంది, ఆ స్వామిని 'కడపరాయ' అని పిలిచిన పాటలున్నాయి. తన ఊరి పేరు పాటలో వినబడ్డ మనిషి ఆ పాటను ఇక వదలడు.

ఆరో మెట్టు: ఇంట్లో ఉన్న పాటలు

అపురూపమైన పాటల కోసం అందరూ పాత రికార్డుల వెంట పడతారు. పుస్తకాలు కూడా ఉన్నాయి, చూడండి. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తమిళనాట అచ్చయినా తెలుగు లిపిలోనే ఉంది. ముత్తుస్వామి దీక్షితుల కృతులకు అంతకన్నా పెద్ద ఆధారం లేదు, మనం నేరుగా చదువుకోవచ్చు.

కానీ నేను ముందు మీ ఇంట్లో అవ్వను అడగమంటాను. మునిపల్లె సుబ్రహ్మణ్యకవి ఆధ్యాత్మ రామాయణ కీర్తనలు ఒకప్పుడు మన ఆడవాళ్ళ నోళ్ళలోనే తిరిగాయి. పెళ్ళి పాటలు, మంగళహారతులు, తలుపు దగ్గరి పాటలు, లాలిపాటలు. వాటిలో చాలావాటికి నిక్కమైన రాగాలున్నాయి, పేరు తెలియకుండానే పాడేవారు.

రికార్డు చేసుకోవడానికి ఇలా చెయ్యండి. ముందు ఆమెను అడగండి, నలుగురికీ వినిపిస్తానని కూడా చెప్పండి, వద్దంటే మానండి. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక గొంతు బాగుంటుంది. ఫ్యాను ఆపండి, కిటికీ మూయండి. ఫోన్ చేతిలో పట్టుకోకండి, మడత పెట్టిన తువ్వాలు మీద ఆమెకు మూరెడు దూరంలో పెట్టండి. తంబుర యాప్ పెట్టి ఆమె మీద శ్రుతి రుద్దకండి, ఆమె ఎత్తుకున్నదే శ్రుతి. మొదట పాట మొత్తం పాడనివ్వండి, మధ్యలో ఆపి మాట అడగొద్దు. తర్వాత మూడు సంగతులు ఆమె నోటితోనే రికార్డులో చెప్పించండి: ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ వేళప్పుడు పాడేవారు, మర్చిపోయిన చరణాలు ఎన్ని ఉన్నాయని ఆమెకు గుర్తు. రెండో రోజు మళ్ళీ అడగండి. రాత్రంతా ఆ పాట లోపల తిరిగి, మర్చిపోయిన చరణం ఒకటి తప్పకుండా పైకొస్తుంది.

మా అవ్వ పాడిన హారతిని మేం ఒక నెల రెండో కృతిగా పెట్టుకున్నాం. ఆమె ఎదురుగా కూర్చుని తన గొంతే స్పీకర్‌లోంచి వింటూ చేతులు కట్టుకుంది. రెండు నిమిషాల మౌనం ఆ రోజు అయిదు నిమిషాలైంది.

చివరి మెట్టు: నోటు పుస్తకం

గట్టి అట్ట ఉన్న లాంగ్ నోటు పుస్తకం ఒకటి కొనండి. ప్రతి కృతికీ ఒక పేజీ. తేదీ, కృతి, రాగం, తాళం, వాగ్గేయకారుడు, వరస కట్టింది వేరేవారైతే వారి పేరు, పాడినవారు. దాని కింద వచ్చిన ప్రతి మనిషిదీ ఒక్క వాక్యం, వాళ్ళ చేతిరాతతోనే. పెద్దవాళ్ళకు రాయడం కష్టమైతే పిల్లలు రాసిపెట్టి చదివి వినిపించాలి. వచ్చే నెల జత ఎవరు తెస్తారో ఆ పేజీ అడుగున రాయించి సంతకం పెట్టించండి. పెట్టకపోతే అన్ని నెలలూ మీరే తేవాల్సి వస్తుంది, అప్పుడది మీ ఇష్టాల జాబితాగా మిగిలిపోతుంది. కూర్చునే ముందు పోయిన నెల పేజీ గట్టిగా చదవండి. తర్వాత ఉగ్గాని, బజ్జీ. పాట మధ్యలో మాత్రం తినేవి పెట్టకండి, బొరుగుల చప్పుడు చరణాన్ని మింగేస్తుంది.

ఇంటి పాటల పేజీల్లో రాగం గడిని పెన్సిల్‌తో నింపండి. అవ్వ హారతిని మొదటి నెల మధ్యమావతి అని రాశాం. తర్వాత నేర్చుకున్నాయన రెండుసార్లు విని, దిగే చోట గాంధారం పలుకుతోందన్నారు. మధ్యమావతిలో గాంధారమే లేదు కదా. రబ్బరుతో తుడిచాం. వచ్చే నెల అవ్వనే మళ్ళీ పాడమని అడుగుతున్నాం.